రెయిడ్-1 డిస్కులను విడివిడిగా బూట్ చేశాక మళ్లీ కలపడం ఎలా

రెండు డిస్కులతో మిర్రర్ (ఒకే డేటా రెండిటి మీదా ఉండే రెయిడ్-1) పెట్టుకున్నవాళ్లకు ఏదో ఒక రోజు ఒక అనుమానం వస్తుంది: ఒక డిస్క్ పోతే రెండోదాంతో మెషీన్ నిజంగా లేస్తుందా? మొదటి డిస్క్ కేబుల్ పీకి బూట్ చేస్తారు. లేస్తుంది. దాన్ని పెట్టేసి రెండోదాని కేబుల్ పీకి మళ్లీ బూట్ చేస్తారు. అదీ లేస్తుంది. పరీక్ష పాసయిందని రెండూ తగిలిస్తారు. మిర్రర్ చెడేది సరిగ్గా అక్కడే. డిస్కులు రెండూ బాగుంటాయి, వాటి మీది ఫైల్ సిస్టమ్‌లూ బాగుంటాయి, కానీ అవి ఇక ఒకదానికొకటి నకళ్లు కావు.

సాటా కేబుల్ వదులైనా ఇదే జరగవచ్చు. ఒకసారి ఒక డిస్కుతో, మరోసారి ఇంకో డిస్కుతో మెషీన్ లేస్తే మీరు ఏ పరీక్షా చేయకుండానే ఇదే స్థితికి వచ్చినట్టు.

ఇక్కడ చెప్పేది లైనక్స్‌లోని ఎండీ సాఫ్ట్‌వేర్ రెయిడ్ గురించి, అంటే ఎండీఏడీఎంతో కట్టిన రెయిడ్-1 గురించి. ఉదాహరణల్లో ఎస్‌డీఏ2, ఎస్‌డీబీ2 పార్టిషన్లు కలిసి ఎండీ0 అనే అర్రే (ఒకే డిస్కులా పనిచేసే జత) అయ్యాయనుకుందాం. కమాండ్లు చదవడానికి తెలుగులో ఉన్నాయి, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలతోనే కొట్టాలి.

ఎండీకి ఏం తెలుస్తుంది, ఏం తెలియదు

మిర్రర్‌లోని ప్రతి పార్టిషన్ మీదా ఒక సూపర్‌బ్లాక్ (ఎండీ తన వివరాలు రాసుకునే చోటు) ఉంటుంది. అందులో అర్రే యూయూఐడీ (గుర్తింపు సంఖ్య), ఈ డిస్క్ ఎన్నో సభ్యుడు, చివరిసారి రాసిన సమయం, ఈవెంట్స్ అనే లెక్క ఉంటాయి. తోటి డిస్క్ బాగుందా, జారిపోయిందా అన్న గుర్తు కూడా ఉంటుంది. మొదటి డిస్క్ ఒక్కటే ఉన్నప్పుడు మెషీన్ నడిస్తే దాని ఈవెంట్స్ పెరుగుతాయి, దాని సూపర్‌బ్లాక్‌లో రెండోది లేదని రాసుకుంటుంది. పక్కన పెట్టిన డిస్క్ మీద మాత్రం ఏమీ మారదు. తర్వాత రెండూ తగిలిస్తే ఈవెంట్స్ తక్కువున్నదాన్ని కెర్నెల్ పక్కకు నెడుతుంది. కెర్నెల్ మెసేజ్‌లు చూపే డీమెసేజ్‌లో 'కికింగ్ నాన్-ఫ్రెష్' (పాతబడినదాన్ని తీసేస్తున్నా) అన్న వరుస కనిపించేది అందుకే. ఇది జబ్బు కాదు, ఎండీ తన పని తాను సరిగ్గా చేసిందనడానికి గుర్తు.

రెండు డిస్కులూ ఒంటరిగా నడిచి వచ్చినప్పుడు కథ వేరు. ఎవరి పుస్తకంలో వాళ్లు 'అవతలివాడు లేడు' అని రాసుకుని ఉంటారు. ఎండీఏడీఎం ఈవెంట్స్ ఎక్కువున్నదాన్ని తీసుకుంటుంది. రెండోదాన్ని, అది మొదటిదాన్ని ఫెయిల్ అయిందని చెబుతోంది కాబట్టి వదిలేస్తున్నానని మెసేజ్ ఇస్తుంది. వదిలేయడం మంచిదే. చిక్కంతా దేన్ని తీసుకుందన్న దగ్గరుంది.

ఈవెంట్స్ అనేది డేటా కొలత కాదు. అర్రే మొదలైనా, ఆగినా, క్లీన్ నుంచి యాక్టివ్‌కి, యాక్టివ్ నుంచి క్లీన్‌కి మారినా ఆ అంకె పెరుగుతుంది. వారం రోజుల మెయిల్ అంతా ఉన్న డిస్క్ కంటే, ఏ పనీ లేకుండా పదిసార్లు రీబూట్ అయిన డిస్క్ అంకె పెద్దదై కూర్చోవచ్చు. అప్పుడు మెషీన్ పాత డేటాతో హాయిగా లేస్తుంది, వారం రోజుల ఫైళ్లు మాయమైనట్టు కనిపిస్తాయి. అవి పోలేదు, పక్కకు నెట్టిన డిస్క్ మీద ఉన్నాయి. కంగారులో ఆ డిస్కును యాడ్ చేశారో, అప్పుడు నిజంగానే పోతాయి.

ఇంకో తిరకాసు కూడా ఉంది. బూట్, రూట్, హోమ్‌లకు వేర్వేరు అర్రేలు ఉంటే ప్రతి అర్రే తన ఈవెంట్స్ తానే చూసుకుంటుంది. రూట్ మొదటి డిస్క్ నుంచి, హోమ్ రెండో డిస్క్ నుంచి లేచే అవకాశం ఉంది. ప్యాకేజీల జాబితా ఒక కాలానిది, డేటాబేస్ ఫైళ్లు మరో కాలానివి అయితే వచ్చే ఎర్రర్లకు తలా తోకా ఉండదు. కొన్నిసార్లు ఒకే అర్రే రెండుగా చీలి ఎండీ0, ఎండీ127 అని రెండూ కనిపిస్తాయి. రెండింటి మీదా ఒకే ఫైల్ సిస్టమ్ యూయూఐడీ ఉంటుంది కాబట్టి ఏది ముందు దొరికితే అది మౌంట్ అవుతుంది. ఎల్‌వీఎం (డిస్కులను వాల్యూమ్‌లుగా పంచే పొర) ఉంటే, ఒకే డిస్క్ రెండుసార్లు కనిపిస్తోందని, అంటే డూప్లికేట్ పీవీ అని గోల పెడుతుంది. ఎండీ127 కనిపించినంత మాత్రాన చీలిక అనుకోవద్దు. కాన్ఫిగ్ ఫైల్‌లో అర్రే పేరు లేకపోయినా ఆ నంబరే వస్తుంది.

రీ-యాడ్ ఎందుకు ప్రమాదం

100 జీబీ దాటిన డిస్కులతో కట్టే అర్రేకి ఎండీఏడీఎం సాధారణంగా రైట్-ఇంటెంట్ బిట్‌మ్యాప్ పెడుతుంది. ఒక డిస్క్ కాసేపు జారిపోయి తిరిగొస్తే, ఆ మధ్యలో మారిన భాగాలను మాత్రమే కాపీ చేసి నిమిషాల్లో పని ముగించడానికి అది. ఆ బిట్‌మ్యాప్ చెప్పేది మిగిలిన డిస్క్ మీద ఎక్కడెక్కడ రాశారన్నదే. తిరిగొచ్చిన డిస్క్ బయట ఒంటరిగా తిరిగినప్పుడు తన మీద ఏం రాసుకుందో ఆ బిట్‌మ్యాప్‌కు తెలియదు.

ఒంటరిగా తిరిగిన డిస్కును రీ-యాడ్ (పాత సభ్యుడిగానే తిరిగి చేర్చుకోవడం) చేస్తే, మొదటిదాంట్లో మారిన బ్లాకులు దాని మీదికి వస్తాయి, అది సొంతంగా రాసుకున్న బ్లాకులు అలాగే ఉండిపోతాయి. పైగా అది ఒంటరిగా తిరిగి తన ఈవెంట్స్ అంకె పెంచుకుని వచ్చింది. బిట్‌మ్యాప్‌తో సరిపెట్టవచ్చా అని కెర్నెల్ చూసే గీటురాయి ఆ అంకే, కాబట్టి పరీక్ష ఇంకా తేలిగ్గా దాటిపోతుంది. అర్రేల స్థితి చూపే /ప్రాక్/ఎండీస్టాట్‌లో రెండు యూలు పక్కపక్కన కనిపిస్తాయి, అంతా బాగున్నట్టే ఉంటుంది. రెయిడ్-1లో చదవడం మాత్రం రెండు డిస్కుల నుంచీ జరుగుతుంది. అదే ఫైలు ఒకసారి ఒకలా, మరోసారి ఇంకోలా వస్తుంది. డైరెక్టరీ ఒక డిస్క్ నుంచి, ఐనోడ్ (ఫైలు వివరాలుండే రికార్డు) మరో డిస్క్ నుంచి వచ్చిన రోజు ఫైల్ సిస్టమ్ కూలుతుంది.

మామూలు --యాడ్ కొట్టినా ఇదే ముప్పు. పాత సూపర్‌బ్లాక్ కనిపిస్తే ఎండీఏడీఎం ముందు రీ-యాడ్‌కే ప్రయత్నిస్తుంది. అందుకే ఒంటరిగా తిరిగొచ్చిన డిస్క్ సూపర్‌బ్లాక్‌ను చెరిపేశాకే యాడ్ చేయాలి.

పరీక్షను సరిగ్గా చేసే పద్ధతి

బ్యాకప్ తీసుకుని, మిర్రర్ ఇప్పుడు సరిగ్గా ఉందో లేదో ముందు చూసుకోండి. ఎండీస్టాట్‌లో ప్రతి అర్రేకి [2/2] [యూయూ] ఉండాలి. డిస్కుల సీరియల్ నంబర్లు స్మార్ట్‌సీటీఎల్ -ఐ తో చూసి కాగితం మీద రాసి డిస్కులకే అంటించండి. ఒక డిస్క్ పీకగానే ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీఏ అయి కూర్చుంటుంది, అక్షరాలను నమ్ముకుని ఇక్కడ పని చేయలేరు. కమాండ్లలో కూడా /డెవ్/డిస్క్/బై-ఐడీ కింద ఉండే పేర్లే వాడండి, వాటిలో సీరియల్ నంబర్ ఉంటుంది.

1. మెషీన్ ఆపి, పవర్ తీసి, రెండో డిస్క్ కేబుల్ పీకండి. మొదటిదాంతో బూట్ చేయండి. డిస్క్ లేదని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో నడిచే చిన్న సిస్టమ్) కాసేపు ఎదురుచూసి, తర్వాత డిగ్రేడెడ్‌గా, అంటే ఒక సభ్యుడు లేకుండానే లేపుతుంది. అర నిమిషం దాటినా కంగారు పడొద్దు. ఎండీస్టాట్‌లో [యూ_] చూసి మెషీన్ ఆపండి.

2. రెండో డిస్క్ తిరిగి తగిలించి, రెండూ ఉండగా బూట్ చేయండి. రెండోది నాన్-ఫ్రెష్ అని బయటే ఉంటుంది. ఇది ఇప్పటివరకు ఒంటరిగా నడవలేదు కాబట్టి ఇక్కడ రీ-యాడ్ క్షేమమే: ఎండీఏడీఎం /డెవ్/ఎండీ0 --రీ-యాడ్, ఆ తర్వాత పార్టిషన్ పేరు. అర్రేలు ఎన్ని ఉంటే అన్నిటికీ చేయాలి. బిట్‌మ్యాప్ ఉంటే త్వరగా తేలిపోతుంది, లేకపోతే రీ-యాడ్ కుదరదు, --యాడ్ కొట్టాలి, పూర్తి కాపీ అవుతుంది.

3. ఎండీఏడీఎం --వెయిట్ /డెవ్/ఎండీ0 కొట్టి ఆగండి. అన్ని అర్రేలకూ [యూయూ] వచ్చేదాకా పవర్ బటన్ జోలికి పోవద్దు.

4. ఆ తర్వాతే మెషీన్ ఆపి మొదటి డిస్క్ పీకి, రెండోదాంతో ఇదే వరుస.

రెండు ఒంటరి బూట్‌ల మధ్య ఒక పూర్తి [యూయూ] ఉండి తీరాలి. మొదట్లో చెప్పిన పరీక్షలో తప్పిపోయింది రెండో, మూడో మెట్లే.

అప్‌గ్రేడ్‌కు ముందు ఒక డిస్క్ పీకి బీరువాలో పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. పద్ధతి మంచిదే. అప్‌గ్రేడ్ చెడిపోయి ఆ డిస్క్‌తో వెనక్కి వచ్చారంటే మాత్రం, అప్‌గ్రేడ్ చేసిన డిస్క్ ఆ క్షణం నుంచి ఓడిన డిస్క్ (దాని మీది డేటా వదులుకోవాల్సింది) కిందే లెక్క. దాన్ని చెరిపాకే మళ్లీ కలపాలి.

ఇప్పటికే రెండూ విడివిడిగా నడిచి ఉంటే

మెషీన్ ఆపండి. లైవ్ యూఎస్‌బీతో లేపండి. లైవ్ సిస్టమ్ తనంతట తానే అర్రేలను కట్టేసి ఉండొచ్చు. ముందు ఎండీస్టాట్ చూసి, ఏవైనా ఉంటే --స్టాప్‌తో ఆపండి. దేన్నీ మౌంట్ చేయకండి.

ప్రతి పార్టిషన్ మీదా ఎండీఏడీఎం --ఎగ్జామిన్ నడపండి. ఇది చదవడమే, ఏమీ రాయదు. వచ్చిన ఫలితంలో ఈవెంట్స్, అప్‌డేట్ టైమ్, డివైస్ రోల్, అర్రే స్టేట్ నాలుగూ రాసుకోండి. అసలు సంగతి అర్రే స్టేట్ చెబుతుంది. అందులో సభ్యుడు ఉంటే 'ఏ' అనే ఇంగ్లిష్ అక్షరం, లేకపోతే చుక్క ఉంటుంది. మొదటిదాంట్లో 'ఏ.' ఉండి, రెండోదాంట్లో 'ఏఏ' ఉండి, రెండోదాని ఈవెంట్స్ తక్కువుంటే చీలిక లేదు. రెండోది ఊరికే వెనకబడింది, రీ-యాడ్ చాలు. ఒకదాంట్లో 'ఏ.', ఇంకోదాంట్లో '.ఏ' ఉంటే రెండూ ఒంటరిగా నడిచినట్టే. రెండింట్లోనూ 'ఏఏ' ఉండి ఈవెంట్స్ సమానంగా ఉంటే ఎండీ దృష్టిలో తేడా ఏమీ లేదు. దాని దృష్టికి రాకుండా ఎవరైనా రాసి ఉంటే? ఆ సంగతి కింద ఉంది.

చీలిక ఖాయమైతే గెలిచే డిస్క్, అంటే ఉంచుకోవాల్సింది ఏదో మీరే తేల్చాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు, ఈ రెండు సగాలను బ్లాక్ స్థాయిలో కలిపే ఉపాయం ఏ కమాండ్‌కూ లేదు. లైవ్ యూఎస్‌బీతోనే, ఒక్కోసారి ఒక్క డిస్క్ మాత్రమే తగిలించి చూడండి. ఎండీఏడీఎం --అసెంబుల్ --రన్ --రీడ్ఓన్లీ /డెవ్/ఎండీ9, తర్వాత పార్టిషన్ పేరు. రీడ్ఓన్లీ మరిచిపోతే మీరు చూడడానికి లేపినందుకే ఈవెంట్స్ పెరుగుతాయి. ఈఎక్స్‌టీ4 అయితే ఆర్ఓ, నోలోడ్ అనే రెండు ఆప్షన్లతో మౌంట్ చేయండి. నోలోడ్ లేకపోతే, మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాని సందర్భంలో జర్నల్ రీప్లే చేయబోయి, రాసే వీలు లేదని మౌంట్ విఫలమవుతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో అదే పనికి నోరికవరీ ఉంది.

చూడాల్సినవాటిలో అన్నిటికంటే పనికొచ్చేది బూట్‌ల జాబితా: జర్నల్‌సీటీఎల్ -డి (పెద్ద అక్షరం) అని రాసి ఆ డిస్క్ మీది /వార్/లాగ్/జర్నల్ దారి ఇచ్చి --లిస్ట్-బూట్స్ కొట్టండి. ఈ డిస్కుతో ఏ తేదీన, ఎన్ని గంటలకు మెషీన్ లేచిందో వరుసగా చెబుతుంది. రెండు డిస్కుల జాబితాలూ పక్కపక్కన పెడితే ఎక్కడ దారులు వేరయ్యాయో నిమిషంలో తెలుస్తుంది. ఆ తేదీ తర్వాత మారిన ఫైళ్లను ఫైండ్ కమాండ్‌తో వెతికితే ఎటువైపు అసలు పని జరిగిందో తేలుతుంది.

ఓడిన డిస్క్ మీద కూడా కావాల్సినవి కొన్ని ఉంటాయి. వాటిని మూడో డిస్కుకు కాపీ చేయండి. ఫైళ్లయితే ఆర్‌సింక్‌ను డ్రై-రన్‌లో నడిపి తేడాలు చూసుకుని తెచ్చుకోవచ్చు. డేటాబేస్ ఫైళ్లను అలా తేవద్దు. ఓడిన డిస్క్ ఇమేజ్ మీద డేటాబేస్‌ను విడిగా లేపి డంప్ తీసుకుని, కావాల్సిన వరుసలు మాత్రమే ఎక్కించాలి.

ఇంకో ముందుజాగ్రత్త. రెండో డిస్కును చెరిపాక కాపీ పూర్తయ్యేదాకా మీ దగ్గరున్నది ఒకే ప్రతి. గెలిచిన డిస్క్ స్మార్ట్ లెక్కలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి చెప్పే అంకెలు) చూడండి. కరెంట్ పెండింగ్ సెక్టార్ సున్నా కాకపోతే ఆగండి. ఆ డిస్క్ సగం కాపీలో చదవలేనని మొరాయిస్తే, రెండోదాన్ని అప్పటికే చెరిపేసి ఉంటారు. అలాంటప్పుడు ముందు రెండు డిస్కులకూ పూర్తి ఇమేజ్ తీసుకోవడమే దారి.

అన్నీ చూసుకున్నాక ఓడిన డిస్క్ ఒక్కటే తగిలించి, అర్రేలు ఆపి, దాని ప్రతి రెయిడ్ పార్టిషన్ మీదా ఎండీఏడీఎం --జీరో-సూపర్‌బ్లాక్ నడపండి. మళ్లీ --ఎగ్జామిన్ చేస్తే సూపర్‌బ్లాక్ లేదని రావాలి. మెటాడేటా (సూపర్‌బ్లాక్ ఫార్మాట్) 0.90 లేదా 1.0 అయితే ఇంకో పని ఉంది. ఆ రెండింట్లో సూపర్‌బ్లాక్ పార్టిషన్ చివర ఉంటుంది, దాన్ని చెరపగానే మొదట్లో ఉన్న ఫైల్ సిస్టమ్ మామూలు పార్టిషన్‌లా బయటపడుతుంది, అదీ గెలిచినదాని యూయూఐడీతోనే. వైప్‌ఎఫ్‌ఎస్ -ఏ కొట్టి ఆ గుర్తులు కూడా తీసేయండి.

ఇప్పుడు గెలిచిన డిస్కుతో మెషీన్ లేపి, ఓడినదాన్ని --యాడ్ చేయండి. వెంటనే ఎండీస్టాట్ చూడండి. 'రికవరీ' అని శాతం మెల్లగా కదలాలి. సెకనుకు 150 ఎంబీ వేగం అనుకుంటే 2 టీబీకి దాదాపు మూడు గంటల నలభై నిమిషాలు, 4 టీబీకి ఏడున్నర గంటలు. తిరిగే డిస్కుల్లో లోపలి ట్రాకులకు వెళ్లేకొద్దీ వేగం పడిపోతుంది, కాబట్టి ఇంకాస్త వేసుకోండి. ఇంత పెద్ద డిస్క్ కొన్ని క్షణాల్లో పూర్తయిందంటే సంతోషించాల్సిన పని లేదు. బిట్‌మ్యాప్‌తో రీ-యాడ్ అయిందని అర్థం, చెరపడం సరిగ్గా జరగలేదు. --ఫెయిల్, --రిమూవ్, జీరో-సూపర్‌బ్లాక్ చేసి మళ్లీ మొదలుపెట్టండి.

కాపీ మరీ నత్తనడకన సాగితే /ప్రాక్/సిస్/డెవ్/రెయిడ్ కింద స్పీడ్_లిమిట్_మిన్ చూడండి. మామూలుగా అది 1000, అంటే సెకనుకు 1000 కేబీ. మెషీన్ మీద వేరే పని ఉన్నప్పుడు ఎండీ అంతదాకా తగ్గిపోతుంది. 50000కి పెంచితే కదలిక వస్తుంది, కానీ వాడేవాళ్లకు మెషీన్ మందగిస్తుంది. రాత్రి పెట్టుకోవడం మేలు.

చీలిక తర్వాత తెలియక రీ-యాడ్ చేసేసి కొన్ని రోజులు వాడి ఉంటే, పైన చెప్పినట్టు ఒకదాన్ని తీసి చెరిపి పూర్తిగా కాపీ చేయడంతో సరిపోదు. ఆ రోజుల్లో పాత బ్లాకులు చదివి కొత్తవిగా రాసిన సందర్భాలు ఉండొచ్చు. అన్‌మౌంట్ చేసి ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్ నడపండి. తర్వాత డెబియన్, ఉబుంటుల్లో డెబ్‌సమ్స్‌తో, రెడ్ హ్యాట్ కుటుంబంలో ఆర్‌పీఎం -వీఏతో ప్యాకేజీ ఫైళ్లు సరిచూడండి. మీ సొంత డేటాను మాత్రం బ్యాకప్‌తో పోల్చుకోవడం తప్ప దారి లేదు.

ఎండీకి తెలియకుండా రాసినప్పుడు

మెటాడేటా చివర ఉండే 0.90, 1.0 అర్రేల్లో, ఒక్క సభ్యుడిని మామూలు పార్టిషన్ అనుకుని నేరుగా మౌంట్ చేయవచ్చు. ఎండీఏడీఎం లేని లైవ్ సీడీలో ఎవరో ఎస్‌డీఏ1ని మౌంట్ చేసి ఒక ఫైలు దిద్దితే చాలు. ఈవెంట్స్ మారవు, అర్రే స్టేట్ మారదు, ఎండీకి కబురే లేదు. ఈవెంట్స్ తేడా ఉన్న చీలిక కంటే ఇదే చెడ్డది, ఎందుకంటే ఏ హెచ్చరికా రాదు. 1.2లో సూపర్‌బ్లాక్ పార్టిషన్ మొదలైన 4 కేబీ దగ్గర ఉంటుంది, ఫైల్ సిస్టమ్ ఇంకా లోపల మొదలవుతుంది. నేరుగా మౌంట్ కాదు. కొత్త అర్రేకి 1.2 ఉంచమనేది అందుకే.

యూఈఎఫ్‌ఐ మెషీన్లలో ఈఎస్‌పీని (బూట్ ఫైళ్లుండే పార్టిషన్‌ను) 1.0 మెటాడేటాతో రెయిడ్-1 చేసేవాళ్లు ఈ గుంటలోనే పడతారు. ఫర్మ్‌వేర్‌కు రెయిడ్ తెలియదు, అది ఒక్క డిస్క్ మీదే రాస్తుంది. సిస్టమ్‌డీ-బూట్ ప్రతి బూట్‌కూ ఈఎస్‌పీలోని ర్యాండమ్-సీడ్ ఫైలును తిరగరాస్తుంది, అంటే రోజూ ఒక చిన్న చీలిక. మా ఓటు రెండు డిస్కుల మీదా రెండు వేర్వేరు ఈఎస్‌పీలకే, ఒక్కోటి 512 ఎంబీ చాలు. మొదటిదాన్ని మార్చినప్పుడల్లా ఆర్‌సింక్‌తో రెండోదానికి కాపీ చేసి, ఈఎఫ్‌ఐబూట్‌ఎమ్‌జీఆర్‌తో రెండోదానికీ ఒక ఎంట్రీ పెట్టుకోవాలి. రెండో ఈఎస్‌పీకి ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో నోఫెయిల్ పెట్టండి, లేకపోతే ఆ డిస్క్ పోయిన రోజు మెషీన్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. పాత బయోస్ మెషీన్లయితే గ్రబ్-ఇన్‌స్టాల్‌ను రెండు డిస్కుల మీదా నడపాలి. డెబియన్‌లో గ్రబ్-పీసీ ప్యాకేజీని డీపీకేజీ-రీకాన్ఫిగర్ చేసి రెండు డిస్కులనూ ఎంచుకుంటే తర్వాతి అప్‌డేట్లలోనూ రెండిటికీ వెళ్తుంది.

తేడా ఉందో లేదో తేల్చడం

/సిస్/బ్లాక్/ఎండీ0/ఎండీ కింద సింక్_యాక్షన్ అనే ఫైల్‌లోకి 'చెక్' అని ఎకో చేయండి. రెండు డిస్కులనూ మొదటి నుంచి చివరి దాకా చదివి పోలుస్తుంది. అయ్యాక అదే చోట మిస్‌మ్యాచ్_సీఎన్‌టీ చూడండి. రెయిడ్-1లో ఆ అంకె సాధారణంగా 128 గుణిజాల్లో వస్తుంది. పోల్చేది 64 కేబీ ముక్కలుగా కాబట్టి, ఒక్క బైటు తేడా ఉన్నా 128 సెక్టార్లు లెక్కలో పడతాయి. స్వాప్ ఉన్న అర్రేలో కొంత సున్నా కాని అంకె వచ్చినా భయపడనక్కర్లేదు, రాస్తుండగా మెమరీలో పేజీ మారితే రెండు డిస్కులకూ వేర్వేరు ప్రతులు వెళ్తాయి, వాటిని మళ్లీ ఎవరూ చదవరు. స్వాప్ లేని డేటా అర్రేలో, ముఖ్యంగా చీలిక సరిచేసిన వెంటనే, సున్నా కాకపోతే మాత్రం వదలకండి.

అంకె చూసి 'రిపేర్' కొట్టబోతారు చాలామంది. రెయిడ్-1లో రిపేర్‌కు తప్పేదో ఒప్పేదో తెలియదు. చదవగలిగిన మొదటి డిస్కులో ఉన్నది తీసుకుని రెండోదాని మీద రాసేస్తుంది. మంచి ప్రతి రెండోదాంట్లో ఉంటే అది అక్కడితో సరి. ఏ డిస్క్ సరైనదో ముందే తెలిస్తే, తప్పుదాన్ని ఫెయిల్ చేసి తీసి, చెరిపి, యాడ్ చేయండి. ఎటు నుంచి ఎటు కాపీ కావాలో అప్పుడు మీ చేతిలో ఉంటుంది.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రెయిడ్-1కీ ఇదే నియమం: రెండు సగాలనూ డిగ్రేడెడ్ ఆప్షన్‌తో విడివిడిగా, రాసే వీలుతో మౌంట్ చేశాక మళ్లీ కలపకండి. ఒకదాన్ని వైప్‌ఎఫ్‌ఎస్‌తో చెరిపి రీప్లేస్ చేయాలి. చెక్‌సమ్‌లు ఉన్నాయి కదా, స్క్రబ్ చూసుకుంటుందిలే అనుకోవద్దు. రెండు వైపులా వేసిన చెక్‌సమ్‌లు ఎవరికి వారివి సరైనవే.

పని ముగిశాక ఎండీఏడీఎం --డీటెయిల్ --స్కాన్ ఇచ్చే వరుసలను కాన్ఫిగ్ ఫైల్‌లోని వాటితో పోల్చి, తేడా ఉంటే దిద్ది, డెబియన్, ఉబుంటుల్లో అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ -యూ, ఫెడోరాలో డ్రాకట్ -ఎఫ్ నడపండి. అదే ఫైల్‌లో మెయిల్‌అడ్ర్ (MAILADDR) వరుసలో చూసే మెయిల్ ఐడీ పెట్టి, ఎండీఏడీఎం --మానిటర్ --స్కాన్ --వన్‌షాట్ --టెస్ట్‌తో ఒక ఉత్తరం పంపించుకోండి. వదులైన కేబుల్ వల్ల డిస్క్ జారిన రోజే ఆ ఉత్తరం అందితే, రెండోది ఒంటరిగా లేచే లోపే కేబుల్ బిగించి రీ-యాడ్‌తో బయటపడవచ్చు.